బొంత నడుమ ఉబ్బు

మద్దిలేటి మొదలుపెట్టని బొంత లేదు, ముగించిన బొంతా లేదు.

దర్గా చావిట్లో దండెం మీద అవన్నీ మడతలు మడతలుగా వేలాడుతుండేవి. అన్నిటికీ నాలుగు పక్కలా కుట్టు పడి ఉంటుంది, నడుమ మాత్రం కుట్టు లేకుండా ఖాళీ. కొన్నిటికి సూది కూడా అట్లాగే గుచ్చి ఉండేది, చుట్టూ గుడ్డకు తుప్పు మరక పట్టి. వచ్చిపోయే యాత్రికులు వాటిని చూసి, "ఇవి ఎవరివప్పా?" అని అడిగితే జమాల్ తాత నవ్వేవాడు.

"మా వానివే. మావాడు శూరుడు, ఆరంభానికి."

మద్దిలేటి నంద్యాల బజారులో పేరున్న టైలరు. అతను చొక్కాకు భుజం కుట్టు వేస్తే వేలితో రాసి చూసినా తగిలేది కాదంటారు. అంతటివాడు మిషను తమ్ముడికి వదిలేసి, నాపరాళ్ళ గనుల మధ్య ఉన్న ఈ చిన్న దర్గాకు వచ్చిపడడానికి కారణం అతనికున్న ప్రశ్నల జబ్బు. దేవుడు ఎట్లుంటాడు, పోయినవాళ్ళు ఎక్కడికి పోతారు, మనసు నిలవడమంటే ఏమిటి అని, కొలతలివ్వడానికి వచ్చిన వాళ్ళను కూడా టేపు మెడ చుట్టూ ఉండగానే పట్టుకుని అడిగేవాడు. జమాల్ తాత అనే ఫకీరు దగ్గర జవాబులున్నాయని ఎవరో చెప్పారు. మూట కట్టుకుని వచ్చేశాడు.

తాత జవాబులు చెప్పలేదు. పేలికల మూట ఒకటి ముందర పడేశాడు.

"కుట్టు పనోనివి గదా. దర్గా మెట్ల మీద పండుకునేటోళ్ళకు కప్పుకోను లేదు. బొంత కుట్టు."

ఇంతేనా అనుకున్నాడు మద్దిలేటి. కోటు కుట్టినవాడికి బొంత ఒక లెక్కా?

బొంత కుట్టడం చూసేవాళ్ళకు సులువే. పాత పంచె ఒకటి నేల మీద పరుస్తారు. దాని మీద చిరిగిన చీరలు రెండు మూడు వరసలు వేస్తారు. పైన రంగురంగుల పేలికలు పేరుస్తారు. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి, ఒక అంచున మొదలుపెట్టి చుట్టూ కుట్టుకుంటూ, ఆ కుట్టు పక్కన ఇంకో కుట్టు, దాని పక్కన ఇంకోటి, ప్రదక్షిణం చేసినట్టు తిరుగుతూ నడుమకు వస్తారు. ఆ వైపు పల్లెల్లో ఇదే పద్ధతి.

చిక్కంతా ఆ నడుమనే. దారం బిగించిన కొద్దీ గుడ్డ లోపలికి జరుగుతుంది. ఇక్కడ పూచికంత, అక్కడ పూచికంత జరిగి, అదంతా పోగై, నడుమకు వచ్చేసరికి గుడ్డ ఎక్కువైపోయి పూరీలాగా పైకి ఉబ్బుతుంది. మామూలు ఇళ్ళలో మట్టినేల మీద కుట్టేవాళ్ళకు అది కంటికి ఆనదు. దర్గా చావిడి అట్లా కాదు. నేలంతా నునుపు చేసిన నాపబండలు. నీళ్ళు ఒలికితే ఎటు పారాలో తోచక నిలబడిపోయే నేల. దాని మీద రవ్వంత ఉబ్బు కూడా దాక్కోలేదు.

మొదటి బొంతలో ఉబ్బు కనపడగానే మద్దిలేటి దాన్ని మడిచి దండెం మీద వేశాడు. ఇంకోటి మొదలుపెట్టాడు. దాంట్లోనూ వచ్చింది. అది కూడా దండెం ఎక్కింది.

కోపం రావలసిన చోట అతనికి కుతూహలం పుట్టింది. ఈ ఉబ్బు ఎక్కడినుంచి వస్తోంది? దారం తప్పేమోనని దారం మార్చాడు. చీరలు అసలే మెత్తనివి, జారుతున్నాయేమోనని తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేయించి తెచ్చి పరిచాడు. కుడిచేతి వాటం వల్ల ఒక పక్కకే లాగుతున్నానా అని ఎడమ చేత్తో కుట్టి చూశాడు, ఆ కుట్లు కోడి కెలికినట్టు వచ్చాయి. అంచునుంచి కాదు, నడుమనుంచే మొదలుపెడితే పీడ వదులుతుంది గదా అనుకున్నాడు ఒకసారి. అప్పుడు నడుమ చక్కగా కుదిరింది గానీ నాలుగు అంచులూ కాల్చిన అప్పడంలాగా వంకర్లు తిరిగిపోయాయి. చెంప నేలకు ఆనించి, ఒక కన్ను మూసి, బండకూ గుడ్డకూ మధ్య సందు ఎంతుందో గంటలు గంటలు చూసేవాడు. దండం పెట్టుకోవడానికి వచ్చినవాళ్ళు ఇతనేదో గొప్ప సాధనలో ఉన్నాడనుకుని చప్పుడు చెయ్యకుండా పక్కనుంచి పోయేవారు.

దేవుడి గురించిన ప్రశ్నలు వెనకబడ్డాయి. ఇప్పుడు ఇది ఒకటే ప్రశ్న, చెవిలో జోరీగలాగా.

"తాతా, ఉబ్బు యాడినుంచి వస్తాది?" అని అడిగాడు ఒకనాడు.

తాత రోట్లో తమలపాకు దంచుకుంటున్నాడు. "నన్నడిగితే ఎట్లరా? బొంత నీది, ఉబ్బు నీది."

"ఉబ్బు లేని బొంత ఉంటాదా అసలు?"

"నువ్వు కుట్టినప్పుడు చూపియ్యి. నేనూ చూస్తా."

ఈ లెక్కన దండెం నిండిపోయేదే గానీ, వానలు వెనకబట్టిన రోజుల్లో కాశింబీ వచ్చింది.

కాశింబీ, ఆమె అక్క హుసేన్‌బీ గనిలో రాళ్ళు మోసి బతికినవాళ్ళు. అక్క మొగుడు పెండ్లయిన కొత్తలోనే పోయాడు, చెల్లెలు అసలు పెండ్లే చేసుకోలేదు. గని కింది వీధిలో ఒక్క గది ఇంట్లో ఇద్దరూ ముసలివాళ్ళయ్యారు. ఆ నెలలోనే అక్క పోయింది. పోయినవాళ్ళ బట్టలు దర్గాకు తెచ్చి ఇస్తే బొంత కుట్టి ఇంటివాళ్ళకే తిరిగి ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. ఆమె మూట విప్పింది. ఒక పసుప్పచ్చ అద్దకం చీర, ఒక కుంకుమరంగు నూలు చీర, గనికి కట్టుకుపోయిన నీలం చీర. నీలం చీర అంచు రాళ్ళ దుమ్ముకు తెల్లబారి ఉంది. ఎంత ఉతికినా అది పోలేదట.

"ఇద్దరం ఒగ బొంత కిందనే పండుకునేటోళ్ళం నాయనా," అన్నది మద్దిలేటితో. "అది మా యక్కతో పాటే పంపిస్తిమి. ఇంగ చలి వస్తాది. అంతలోపల కుట్టిస్తే సాలు."

"కుట్టిస్తానమ్మా. మంచిగ కుట్టిస్తా," అన్నాడు మద్దిలేటి.

ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. మిగతా బొంతలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు, దీంట్లో ఉబ్బు రాకూడదు అనుకున్నాడు. అన్నీ పక్కనబెట్టి కూర్చున్నాడు. ఇంతకు ముందు కన్నా చిన్నగా, ఇంతకు ముందు కన్నా బిగువుగా కుట్టుకుంటూ వచ్చాడు.

నడుమకు వచ్చేసరికి ఉబ్బింది.

దీన్ని దండెం మీద వేయడానికి మనసొప్పలేదు. బ్లేడు తీసుకుని కుట్టంతా విప్పేశాడు. మళ్ళీ కుట్టాడు. మళ్ళీ ఉబ్బింది, మళ్ళీ విప్పాడు.

కొత్త గుడ్డకైతే కుట్టు విప్పినా ఏమీ కాదు. ఇది ముసలి గుడ్డ. సూది దిగిన చోటల్లా కన్నం నిలిచిపోతుంది. విప్పేటప్పుడు ఆ కన్నాలు ఒకదానితో ఒకటి కలిసి చిరుగుతాయి. పసుప్పచ్చ చీర ఒక పక్క జల్లెడ అయిపోయింది. అక్కడ దండెం మీది బొంత నుంచి కోసిన వేరే పేలిక వేసి అతికాడు. మరుసటిసారి కుంకుమరంగు చీర చిరిగింది. దానికీ వేరే పేలిక వేశాడు. అక్క బట్టలతో కుట్టవలసిన బొంతలో అక్క కొంచెం కొంచెంగా తరిగిపోతోంది. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసీ, ఈసారి కుదురుతుంది, ఇదొక్కసారి, అనుకునేవాడు.

కాశింబీ మొదటిసారి వచ్చి అడిగితే, "ఇంగ రవ్వంత పని ఉందమ్మా" అన్నాడు. రెండోసారి ఆమె మెట్లెక్కడం చూసి బొంత చుట్టి చాప కింద దాచేశాడు. తర్వాత వచ్చినప్పుడు దాచడానికి వ్యవధి దొరకలేదు. అప్పటికి చలి దిగింది. గనుల్లో తవ్విన గుంటల నిండా నీళ్ళు నిలిచి, సాయంత్రమయ్యేసరికి అటునుంచి వచ్చే గాలి ఎముకలకు తగులుతోంది. ఆమె చీర కొంగే తల చుట్టూ భుజాల చుట్టూ కప్పుకుని వచ్చింది.

బొంత పక్కన కూర్చుని చేత్తో తడిమింది. వేరే పేలికలు చూసింది. ఇది నీలం చీర, ఇది పసుప్పచ్చది, ఇదెవరిది అన్నట్టు వేలు ఒక్కో చోట ఆగింది.

"అయినకాడికి ఇచ్చెయ్యి నాయనా. కప్పుకుంటా."

"నడుమ ఉబ్బుందమ్మా. అట్ల ఇయ్యలేను. మీ యక్క బట్టలు గదా, సక్కంగ ఉండాల."

"ఉబ్బుంటే ఏమైతాది?"

మద్దిలేటి, "బాగుండదమ్మా" అన్నాడు. "ఒక్క నాలుగు దినాలు ఓపికపట్టు."

కాశింబీ లేచి, రెండు చేతులూ చంకల్లో ముడుచుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. మద్దిలేటి బ్లేడు అందుకున్నాడు.

"రేయ్," అన్నాడు జమాల్ తాత గోడ దగ్గరినుంచి. "దాన్ని ఈడ పరువు."

మద్దిలేటి తెచ్చి పరిచాడు. నాలుగు మూలలా సాపుగా సర్దాడు.

"యాడరా నీ ఉబ్బు?"

"ఇదో తాతా." అరచేయి పెట్టి చూపించాడు. అణిస్తే చేతి కింద దిగి, పక్కన మళ్ళీ లేస్తోంది. చావిట్లోకి పడుతున్న ఏటవాలు ఎండలో దాని నీడ కూడా కనపడుతోంది.

తాత చేతికర్ర పక్కన పెట్టాడు. నేలకు చేతులు ఆనించి, మోకాళ్ళు పట్టుకుని, అబ్బా అనుకుంటూ ఆ నాపబండల మీద ఒక పక్కకు ఒత్తిగిలి పడుకున్నాడు. చలికి ముసలివాళ్ళు పడుకున్నట్టే, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకున్నాడు.

"కప్పు."

"తాతా, అది ఆ యమ్మ వాళ్ళ అక్క..."

"కప్పమంటి గదరా."

మద్దిలేటి బొంత ఎత్తి ఆయన మీద కప్పాడు. మెడ దాకా లాగాడు. పాదాల దగ్గర సర్దాడు.

"ఇప్పుడు చూపియ్యి."

మద్దిలేటి చూశాడు. భుజం దగ్గర బొంత లేచి, నడుం దగ్గర దిగి, తుంటి మీద మళ్ళీ లేచి, మోకాళ్ళ మీదుగా పాదాలకు జారింది. ఉబ్బు ఎక్కడుండాలో అక్కడ చేయి పెట్టాడు. గట్టిగా ఎముక తగిలింది.

"అది నా తుంటిరా. నిన్నడిగింది ఉబ్బు."

అలవాటు ప్రకారం చెంప నేలకు ఆనించి, ఒక కన్ను మూసి చూశాడు. లేచి అటువైపు వెళ్ళి చూశాడు. కుట్టు లేని చోటు పట్టుకుని గుడ్డ లాగి చూశాడు. వదులు ఎక్కడా మిగల్లేదు, అంతా ఆయన ఒంటికే సరిపోయింది.

"లేదు తాతా."

"యాడికి పాయ?"

బ్లేడు ఇంకా మద్దిలేటి చేతిలోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. నంద్యాల బజారులో తాను కొలతలు తీసిన భుజాలు, పొట్టలు, గూని వీపులు ఒక్కసారిగా కళ్ళ ముందుకు వచ్చాయి. ఆ వెంటనే చేతులు చంకల్లో ముడుచుకుని మెట్లు దిగిన కాశింబీ కూడా వచ్చింది. అతనికి సిగ్గేసింది. దండెం మీదికి చూడడానికి కూడా సిగ్గేసింది.

"ఊరికే నిలబడితివేమి? సూది తీస్కో. కుట్టు."

"నువ్వు లేయి తాతా, కుడతా."

"నేను లేయను. ఇప్పుడే వెచ్చగైతాండాది."

"గుచ్చుకుంటాది."

"గుచ్చుకుంటే అరుస్తాలే. చేయి అడ్డం పెట్టుకో."

మద్దిలేటి ఎడమచేయి బొంత కిందికి పోనిచ్చాడు. గుడ్డకూ తాత ఒంటికీ మధ్య తన అరచేయి అడ్డం పెట్టి, పైనుంచి సూది దించాడు. దిగిన సూది మొన ప్రతిసారీ తన వేలికే తగిలేది. దారం ఎప్పటిలాగా సర్రున లాగడానికి వీల్లేదు, కింద మనిషి ఉన్నాడు. గుడ్డ ఎంత రానిస్తే అంతే లాగి వదిలేయాలి. కుట్లు కొంచెం పెద్దవే పడ్డాయి, కొన్ని వంకరగా కూడా పడ్డాయి. బజారులో అయితే అట్లాంటి కుట్టు వేసిన పనివాణ్ణి అతను సాయంత్రానికి ఇంటికి పంపేసేవాడు.

తాత ఊపిరి నెమ్మదించింది. కాసేపటికి గురక మొదలైంది. ఊపిరి తీసినప్పుడు బొంత లేస్తోంది, వదిలినప్పుడు దిగుతోంది. మద్దిలేటి అది దిగేదాకా ఆగి, సూది వేసి, మళ్ళీ లేచేటప్పుడు చేయి ఆపుకుని, అట్లా కుట్టుకుంటూ పోయాడు. ఎంతసేపు కుట్టాడో అతనికి తెలియదు. తర్వాతి కుట్టు ఎక్కడ వేయాలా అని వేలితో వెతికితే చోటు దొరకలేదు.

పక్కన వెతికాడు, ఇటు వెతికాడు. అప్పుడు గానీ బొంత అయిపోయిందని అతనికి తెలియలేదు.

దారం పంటితో కొరికాడు. ఆ చప్పుడుకు తాత కళ్ళు తెరిచి, "అయిందా?" అన్నాడు. మద్దిలేటి తల ఊపాడు. తాత ఒంటి మీది బొంత తీసి, మడిచి, అతని చేతుల్లో పెట్టాడు.

మద్దిలేటి పొద్దు గుంకక ముందే గని కింది వీధికి దిగాడు. కాశింబీ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. అతను సంజాయిషీ చెప్పుకోవాలని దారంతా మాటలు పేర్చుకుంటూ వచ్చాడు గానీ, ఆమె చూపు బొంత మీదనే ఉంది. చేతులు చాచి బొంత తీసుకుని, తలుపు దగ్గరి వెలుతురులో ఒకసారి విప్పి చూసి, గోడవారగా ఉన్న చాప మీద పడుకుని మెడ దాకా కప్పుకుంది. నీలం చీర వైపు తన మొహానికి తగిలేట్టు తిప్పుకుంది.

మద్దిలేటి గడపలోనే నిలబడి చూశాడు. తాత మీద ఒక తీరుగా పడిన బొంత ఈమె మీద ఇంకో తీరుగా పడింది. ఈమె చిన్న మనిషి. మోకాళ్ళు ఇంకా పైకి ముడుచుకుంది. అయినా ఎక్కడా సందు లేదు. బొంత అంచు ఒకటి మాత్రం పిడికిట్లో గట్టిగా బిగించి పట్టుకుంది.

"వదిలెయ్యమ్మా. జారిపోదులే," అన్నాడు.

"జారిపోతాదని కాదు నాయనా," అన్నది కాశింబీ కళ్ళు తెరవకుండానే. "మా యక్క నిద్దర్లో అంతా ఆ పక్కకే గుంజుకుంటాండె. పట్టుకోకుంటే నాకు నిద్దర రాదు."

బొంతలో ఆమె అక్క బట్టను తాను ఎంత పాడుచేశాడో అప్పుడు చెబుదామనుకున్నాడు. చెప్పలేకపోయాడు. తలుపు దగ్గరగా వేసి వచ్చేశాడు.

మరుసటి పొద్దున జమాల్ తాత నిద్ర లేచేసరికి దండెం ఖాళీగా ఉంది. బొంతలన్నీ కిందికి దిగి వరసగా పేర్చి ఉన్నాయి. మద్దిలేటి తుప్పు పట్టిన సూదులు పీకి పారేసి, కొత్త సూదికి దారం ఎక్కించి పట్టుకుని, తాత మంచం పక్కన కాచుకుని ఉన్నాడు. నునుపు బండల మీద మొదటి బొంత పరిచి ఉంది. దాని నడుమ ఉబ్బు అట్లాగే ఉంది.

"తాతా," అన్నాడు, "రవ్వంతసేపు వచ్చి పండుకుంటావా?"

తాత దుప్పటి ఇంకొంచెం మీదికి లాక్కున్నాడు.

"నాకెందుకురా? చలికి వణికేటోళ్ళు బయట మెట్ల మీదుండారు. పోయి పిలుచుకోరా."